కప్‌కేకుకు క్షమాభిక్ష

అమెరికా ప్రభుత్వం బడిపిల్లల పళ్లెంలోకి తొంగిచూడడానికి మొదటి కారణాలలో ఒకటి సైన్యం. రెండో ప్రపంచయుద్ధ కాలంలో పోషకాహార లోపం వల్ల ఎందరో యువకులు సైన్యానికి పనికిరాకుండా పోయారన్న దిగులు 1946 నాటి జాతీయ పాఠశాల భోజన చట్టానికి ఊతమివ్వగా, ఆరు దశాబ్దాలు దాటిన తరువాత ఆ దిగులే తలకిందులై, యువకులు మరీ లావెక్కి యుద్ధానికి పనికిరాకుండా పోతున్నారని 2010లో విశ్రాంత సైన్యాధికారులు కొందరు నివేదిక వెలువరించారు. తినకపోయినా తప్పే, తిన్నా తప్పే అయిన ఈ పిల్లల కోసం అదే ఏడాది డిసెంబరులో అప్పటి అధ్యక్షుడు ఒబామా బడితిండికి సంబంధించిన కొత్త చట్టంపై సంతకం చేశారు. దాని వెనుక పట్టుదలగా నిలిచినవారు ఆయన భార్య మిషెల్ ఒబామా కావడంతో, తరువాతి కాలంలో పళ్లెంలో చప్పగా కనిపించిన ప్రతి పదార్థానికీ విద్యార్థులు ఆమెకే వెటకారంగా కృతజ్ఞతలు చెప్పుకున్నారు.

భోజనం సంగతి అలా ఉంచితే, అసలు రభస ఆ చట్టం కిందే 2014 జులైలో అమలుకు వచ్చిన చిరుతిళ్ల నిబంధనల దగ్గర మొదలైంది. ప్రభుత్వ భోజనంతో పోటీపడుతూ బడి ఆవరణలో విడిగా అమ్ముడుపోయే తినుబండారాలను అధికార భాషలో ‘పోటీ ఆహారాలు’ అంటారు. అటువంటి చిరుతిండి ఏదైనా 200 కేలరీలు మించరాదని, ఆ కేలరీలలో కొవ్వు వాటా 35 శాతం దాటరాదని, బరువులో చక్కెర కూడా 35 శాతం లోపే ఉండాలని, ఉప్పులోని సోడియం తొలుత 230, రెండేళ్ల తరువాత 200 మిల్లీగ్రాములకు లోబడాలని శాసించారు. అంతకన్నా రమ్యమైనది ‘బడిరోజు’కు ఇచ్చిన నిర్వచనం: అది ముందటి అర్ధరాత్రి మొదలై, చివరి గంట కొట్టిన 30 నిమిషాలకు ముగుస్తుంది. అంటే పంచాంగంలో వర్జ్యం దాటేదాకా ప్రయాణం ఆపుకున్నట్టు, అమ్మబోయే కప్‌కేకు కూడా ఆ అరగంట గడిచేదాకా బల్ల కింద ఓపికగా కూర్చోవాలి. ఆపై నిమిషంలో, ఒక్క కేలరీ కూడా తగ్గకుండానే, అది చట్టబద్ధమైన పదార్థమవుతుంది. అర్ధరాత్రి పన్నెండు దాటాక బడి ఆవరణలో చిరుతిళ్లు అమ్మేదెవరో, కొనేదెవరో నిబంధనలు రాసినవారికే తెలియాలి.

జనాగ్రహానికి మూలం రుచి ఒక్కటే అనుకుంటే పొరపాటు, ఎందుకంటే అందులో డబ్బు కూడా ఉంది. తల్లులు, తండ్రులు ఇళ్లలో చేసిన కేకులను, బిస్కెట్లను బడిలో బల్ల మీద పేర్చి అమ్మడాన్ని ‘బేక్ సేల్’ అంటారు. వాద్యబృందం దుస్తులకు, విహారయాత్రలకు ప్రభుత్వం ఇవ్వని సొమ్మును ఈ వెన్న, చక్కెరలే సమకూరుస్తాయి. కనుక పిల్లల ఆరోగ్యానికి ఖర్చు తగిలింది వాద్యబృందానికి. నిధుల సేకరణకు మినహాయింపు రోజులను నిర్ణయించుకునే వెసులుబాటు రాష్ట్రాలకు ఉండడంతో, జార్జియా ప్రతి బడికీ ఏటా 30 మినహాయింపులను, ఒక్కొక్కటి మూడు రోజుల దాకా సాగేలా ప్రకటించింది. లెక్క కడితే 90 రోజులు; బడి నడిచేదే దాదాపు 180 రోజులు కనుక, అక్కడ ఆరోగ్యానికి సగం ఏడాది సెలవు దొరికిందన్నమాట.

టెక్సాస్ ఇంకా ముందుకు పోయింది. 2015 జనవరిలో, పదవి చేపట్టిన కొద్దిరోజులకే, ఆ రాష్ట్ర వ్యవసాయ కమిషనర్ సిడ్ మిల్లర్ కప్‌కేకులకు క్షమాభిక్ష ప్రకటించారు. క్షమాభిక్షకు ముందు నేరం ఉండాలన్నది న్యాయశాస్త్రంలో సామాన్య నియమం కాగా, పుట్టినరోజున తల్లిదండ్రులు బడికి తెచ్చి ఉచితంగా పంచే కేకులకు కేంద్ర నిబంధనలు వర్తించనే వర్తించవు, రాష్ట్రపు పాత ఆంక్షలు అంతకుముందు ఏడాదే రద్దయ్యాయి. చేయని నేరానికి క్షమాపణ పొందిన కప్‌కేకు మాత్రం స్వేచ్ఛకు ప్రతీకగా పత్రికలకెక్కింది. వేపుడు బాణళ్ల మీద, సోడా యంత్రాల మీద రాష్ట్రంలోని బడులలో అప్పటికి పదేళ్లుగా ఉన్న నిషేధాన్ని కూడా ఆయన అదే ఏడాది ఎత్తివేశారు. ఆ ఆంక్షలకు శ్రీకారం చుట్టిన సుసాన్ కూంబ్స్ ఆయన సొంత రిపబ్లికన్ పార్టీ మనిషే కావడం వేరే సంగతి.

శాసనసభ్యుల పాకశాస్త్రం కూడా పరిశీలించదగినది. పిజ్జా మీద పూసే చిక్కని టమాటా గుజ్జును ఉన్న పరిమాణానికే లెక్కగట్టాలని కేంద్ర వ్యవసాయ శాఖ తలపెడితే, రెండు టేబుల్‌స్పూన్ల గుజ్జు అరకప్పు కూరగాయతో సమానమన్న పాత లెక్కనే 2011 నవంబరులో అమెరికా కాంగ్రెసు నిలబెట్టింది. పిజ్జా కూరగాయ అని చట్టంలో ఎక్కడా లేదు. అలా అనకుండానే ఆ పని జరిపించగలగడంలోనే శాసన నైపుణ్యం ఉంది.

విద్యార్థులు ఇన్ని వాదాల జోలికి పోలేదు. చప్పటి భోజనానికి రుచి తేవడానికి ఉప్పు, మిరియాలు, చక్కెర బడికి తెచ్చి, అమ్ముతూ కూడా పట్టుబడుతున్నారని ఇండియానాకు చెందిన ఒక పాఠశాల ప్రతినిధి 2015లో కాంగ్రెసు కమిటీ ఎదుట వాపోయారు. వ్యాపారశాస్త్రం పాఠ్యాంశం కాకుండానే అబ్బుతోందని ఆయన సంతోషించి ఉండవచ్చు.

2017 మే నెలలో కొత్త కేంద్ర వ్యవసాయ మంత్రి సన్నీ పెర్డ్యూ ముడిధాన్యం, ఉప్పు, రుచి కలిపిన పాలకు సంబంధించిన భోజన నిబంధనలను సడలించగా, పోరాటం గెలిచినట్టే అందరూ ఇళ్లకు వెళ్లారు. చిరుతిండికి విధించిన 200 కేలరీల హద్దు మాత్రం చెక్కుచెదరలేదు. తయారీ సంస్థలు అప్పటికే కొవ్వు, ఉప్పు తగ్గించి, ముడిధాన్యం కలిపి, పాత పేరుతోనే, ఇంచుమించు పాత పొట్లంలోనే బడికి ప్రత్యేకంగా చిప్సు పంపుతున్నాయి. పిల్లలు వాటిని కొని తింటున్నారు.