మూడేళ్ళు నిండకముందే

అమెరికాలో తెలుగువాళ్ళ ఇళ్ళల్లో పిల్లాడి రెండో పుట్టినరోజు కేకు ఇంకా ఫ్రిజ్‌లో ఉండగానే ఒక ముహూర్తం గురించి చర్చ మొదలవుతుంది. అక్షరాభ్యాసానికి అనుకునేరు, కాదు. ఓర్లాండోకి. అక్కడి వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో మూడేళ్ళు నిండని పిల్లలకి టికెట్టు అక్కర్లేదు. మూడు నిండాయా, తొమ్మిదేళ్ళ దాకా పిల్లల టికెట్టు కొనాలి. అది పెద్దల టికెట్టు కన్నా ఏవో కొద్ది డాలర్లు తక్కువ, పేరుకే పిల్లలది. పదేళ్ళు నిండితే డిస్నీవారి లెక్కలో వాడు పెద్దమనిషే. ఇంత స్పష్టంగా రాసిపెట్టాక బాధ్యత గల తండ్రి ఎవడు ఊరుకుంటాడు? ‘మూడు నిండకముందే వెళ్ళొచ్చేద్దాం, ఫ్రీ కదా’ అంటాడు. ‘మనకోసమా ఏంటి, వాడి కోసమేగా’ అంటుంది తల్లి. ఈ రెండు మాటల మీదే కొన్ని వేల డాలర్ల ప్రయాణం నడుస్తుంది. మొదటిది తప్పు లెక్క. రెండోది అబద్ధం. చెప్పేవాళ్ళకి కూడా అది అబద్ధమని తెలియదు కాబట్టి దాన్ని కాస్త మర్యాదగా విప్పి చూడాలి.

ముందు లెక్క సంగతి. డిస్నీ వరల్డ్‌లోని మేజిక్ కింగ్‌డమ్ 1971 అక్టోబరు 1న తెరిచినప్పుడు పెద్దవాళ్ళకి ప్రవేశం మూడున్నర డాలర్లు. లోపల రైడ్లకి కూపన్ల పుస్తకం వేరే. అదే పార్కులో ఒక్కరోజు టికెట్టు 2015లో వంద డాలర్లు దాటింది, ఆ తర్వాత ఎక్కడమే కానీ దిగడం లేదు. అమ్మా నాన్నా, ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మా తాతయ్యా, నలుగురికీ టికెట్లు కొంటే ఐదో మనిషి, అదీ పన్నెండు కిలోల మనిషి, ఉచితం. రైతుబజారులో కూరగాయలు కొంటే కరివేపాకు కొసరు వేస్తారు. ఆ కొసరు కోసం ఇంట్లో ఎవరూ తినని వంకాయలు ఐదు కిలోలు మోసుకొచ్చినవాణ్ణి మనం పొదుపరి అనం. పైగా విమానం వాళ్ళ పంచాంగం వేరు. అమెరికాలో దేశం లోపల తిరిగే విమానాల్లో రెండేళ్ళు నిండనివాడు అమ్మ ఒళ్ళో ఊరికే వస్తాడు, నిండితే వాడికో సీటు కొనాలి. అటూ ఇటూ ఉచితం కావాలంటే రెండు నిండకముందే, అంటే వాడికి మిక్కీకీ మిక్సీకీ తేడా తెలియకముందే బయల్దేరాలి. ఇక అసలు దెబ్బ ఆరో ఏట పడుతుంది. బళ్ళో ఎవరో చెప్పగా విని, ‘నేనెప్పుడూ డిస్నీ చూళ్ళేదు’ అంటాడు. ఫోటోలు తీసి చూపిస్తే ‘అది నేను కాదు, ఎవరో బేబీ’ అంటాడు. అప్పుడు మళ్ళీ అందరికీ టికెట్లు, ఈసారి వాడికి కూడా. ఒక టికెట్టు మిగిల్చుకోవడానికి నాలుగు టికెట్లు కొన్నారన్న సంగతి ఆ తండ్రి వేసుకున్న ఎక్సెల్ షీటులో ఏ గడిలోనూ కనపడదు.

ఈ తెలివి ఓర్లాండో గాలి వల్ల వచ్చిందేమీ కాదు. హైదరాబాదు శివార్లలో రావిర్యాల వండర్‌లాలో పిల్లల టికెట్టు వయసు చూసి కాదు, ఎత్తు కొలిచి ఇస్తారు. కౌంటరు దగ్గర ‘కొంచెం వంగి నుంచో నాన్నా’ అన్న తండ్రే, లోపల రైడు దగ్గరికి రాగానే ‘మడమలెత్తు, మడమలెత్తు’ అంటాడు. ఒకే గంటలో పిల్లాడు పొట్టివాడూ పొడుగువాడూ కావాలి.

ఓర్లాండోలో ఆ అవకాశమూ లేదు. రెండేళ్ళ పిల్లల సగటు ఎత్తు ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికల్లో 86, 87 సెంటీమీటర్ల దగ్గర ఉంది. మేజిక్ కింగ్‌డమ్‌లో స్పేస్ మౌంటెన్ ఎక్కాలంటే 112 సెంటీమీటర్లుండాలి, ట్రాన్‌కి 122. అవి పోనీ అనుకుంటే స్నోవైట్ కథలోని ఏడుగురు మరుగుజ్జుల గని రైలుకి 97. మరుగుజ్జుల బండి ఎక్కడానికే ఎత్తు చాలనివాణ్ణి వాడి కోసమే తీసుకొచ్చారన్నమాట. దీనికి పార్కు వాళ్ళ దగ్గర ఒక ఉపాయం ఉంది, రైడర్ స్విచ్ అంటారు. నాన్న రైడు ఎక్కి వచ్చేదాకా అమ్మ పిల్లాణ్ణి పట్టుకుని బయట ఉంటుంది, తర్వాత అమ్మ మామూలు క్యూలో మొదట్నుంచీ నుంచోకుండా ఎక్కి వస్తుంది, ఆమె వచ్చేదాకా నాన్న బయట ఉంటాడు. నిజంగా మంచి ఏర్పాటే. కానీ రోజంతా వంతులవారీగా డ్యూటీ మార్చుకుని, పులిహోర డబ్బా విప్పినప్పుడు మాత్రమే ముఖాలు చూసుకునే దీన్ని కుటుంబ విహారం అనడం కన్నా షిఫ్టు ఉద్యోగం అనడం న్యాయం.

ఎత్తు సంగతి సరే, నిద్ర మాటేమిటి? ఈ వయసు పిల్లలకి పగటి కునుకుతో కలిపి రోజుకి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలంటారు పిల్లల డాక్టర్లు. మిగిలిన గంటల్లోంచి తిండీ, డయపర్లూ, స్నానం, నేల మీద పడి చేసే మారాం తీసేయండి. అందులో సగం దారికే పోతుంది. మేజిక్ కింగ్‌డమ్‌కి కారులో వచ్చినవాళ్ళు గేటు ముందు దిగలేరు. దూరంగా కారు పెట్టి, మధ్యలో ఉన్న పెద్ద చెరువుని పడవలోనో మోనోరైల్లోనో దాటాలి. పిల్లాడికి పండగ అక్కడే అయిపోతుంది. పడవ, నీళ్ళు, పొడుగాటి రైలు! వాడి దృష్టిలో వచ్చిన పని పూర్తయింది, ఇక ఇంటికెళ్ళొచ్చు. పెద్దవాళ్ళకి మాత్రం అసలు గేటు ఇంకా రానేలేదు. మధ్యాహ్నం ఎండ ముదరగానే హోటలుకి తీసుకెళ్ళి పడుకోబెట్టి సాయంత్రం మళ్ళీ రమ్మని ఈ ప్రయాణాల అనుభవజ్ఞులంతా సలహా ఇస్తారు. సలహా మంచిదే. ఇంట్లో ఉయ్యాల్లో ఊరికే వచ్చే కునుకుని, రెండుసార్లు చెరువు దాటి, హోటలు అద్దెతో, నలుగురి టికెట్లతో కొనుక్కుంటారు. అంత ఖరీదైన కునుకు జమీందార్ల పిల్లలు కూడా తీసి ఉండరు.

ఇంతటి అనిశ్చితమైన ప్రాణిని వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళు చేసే ప్లానింగు చూడండి. పార్కు లోపలి హోటళ్ళలో భోజనానికి 60 రోజుల ముందు బుక్ చేసుకోవాలి. క్యూ తప్పించుకునే లైట్నింగ్ లేన్ డిస్నీ హోటల్లో దిగినవాళ్ళకి 7 రోజుల ముందు, బయట దిగినవాళ్ళకి 3 రోజుల ముందు, పొద్దున్న ఏడింటికి తెరుచుకుంటుంది. 1999లో ఫాస్ట్‌పాస్ అని ఊరికే ఇచ్చిన సదుపాయం 2021 నుంచి డబ్బు పెట్టి కొనేదైంది, ఆ తర్వాత పేరు కూడా మార్చుకుంది. తిరుమల మూడొందల టికెట్ల కోసం వేళ్ళు ఫోన్ మీద పెట్టుకుని కూర్చున్న జాతి మనది. ఆ సాధన ఇక్కడ బాగా అక్కరకొస్తుంది. తేడా ఒక్కటే, స్వామి ఎక్కడికీ కదలడు. ఇక్కడ రెండు నెలల ముందే ‘11:40కి డంబో, 12:25కి భోజనం, 1:10కి పూ ఎలుగుబంటి’ అని రాసుకున్న కాగితం, పది నిమిషాల తర్వాత తనకి నిద్రొస్తుందో ఆకలేస్తుందో తనకే తెలియనివాడి మెడకి కట్టి ఉంది. ఆ కాగితానికీ వాడికీ గొడవ వచ్చినప్పుడు ఎవరి మాట నెగ్గుతుందో చూస్తే ప్రయాణం ఎవరి కోసమో తెలిసిపోతుంది. ‘ఏడవకు నాన్నా, మన స్లాట్ అయిపోతోంది’ అన్న వాక్యంలో ‘మన’ అనే మాట ఎవరిదో వేరే చెప్పనక్కర్లేదు.

ఎత్తుతో పనిలేని రైడ్లు అక్కడ బోలెడున్నాయి కదా అనొచ్చు. ఉన్నాయి, అవి ఏమిటో కూడా చూద్దాం. మేజిక్ కింగ్‌డమ్ నడిబొడ్డున, కోట వెనకాల, ఒక రంగులరాట్నం ఉంది. అది డిస్నీవాళ్ళు చేసింది కాదు. 1917లో ఫిలడెల్ఫియా టొబోగన్ కంపెనీ చేసింది. డిస్నీ సంస్థ పుట్టిందే 1923లో. న్యూజెర్సీలో ఒక మామూలు పార్కులో ఏళ్ళతరబడి తిరిగిన ఆ రాట్నాన్ని 1967లో కొని, రంగులేసి ఇక్కడ నిలబెట్టారు. చక్కటి పనితనం, చూడముచ్చటైన గుర్రాలు, కాదనను. కానీ రెండేళ్ళవాడికి అది గుండ్రంగా తిరిగే గుర్రం. వాళ్ళ నాన్న చిన్నప్పుడు తిరణాల్లో ఎక్కిందీ గుండ్రంగా తిరిగే గుర్రమే. డంబో ఏనుగుల కథ ఇంకా బాగుంటుంది. 2012లో ఆ రైడుని రెండింతలు చేసినప్పుడు, క్యూలో నిలబడే పని లేకుండా ఒక చల్లటి గుడారంలో పిల్లల ఆటస్థలం పెట్టారు. జారుడుబల్లలూ, ఎక్కి దిగే మెట్లూ. రైడు నడిపేవాళ్ళకి పిల్లల గురించి తల్లిదండ్రుల కన్నా ఎక్కువ తెలుసన్నమాట. అక్కడ పిల్లాడు హాయిగా జారుతూ ఉంటాడు. ఇంతలో వంతు వస్తుంది. జారుడుబల్ల వదలనని గుక్కపట్టి ఏడ్చేవాణ్ణి చంకలో ఇరికించుకుని, వాడి ఆనందం కోసం, ఏనుగు మీద కూర్చోబెడతారు.

అసలు ఈ తికమక డిస్నీవారి మొదటి పార్కు డిస్నీలాండ్ పుట్టుకలోనే ఉంది. లాస్ ఏంజెలెస్‌లో గ్రిఫిత్ పార్కు అని ఒకటుంది. వాల్ట్ డిస్నీ తన ఇద్దరు కూతుళ్ళనీ అక్కడికి తీసుకెళ్ళేవాడు. వాళ్ళు రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే ఈయన బెంచీ మీద కూర్చుని వేరుశనక్కాయలు తింటూ, పెద్దవాళ్ళూ పిల్లలూ కలిసి సరదాగా గడిపే చోటు ఒకటుంటే బాగుండు అనుకున్నాడట. ఆ ఊహే 1955లో ఆనహైమ్‌లో డిస్నీలాండ్ అయిందని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. ఈ కథ చెప్పేటప్పుడు అందరూ ఆ తండ్రి ప్రేమకి కళ్ళు చెమర్చుకుంటారు గానీ, ఆ పూట పార్కులో విసుగు పుట్టింది ఎవరికో మాత్రం చూడరు. పిల్లలకి ఏ లోటూ లేదు. వాళ్ళు రాట్నం మీద ఉన్నారు. ఏమీ తోచనిది బెంచీ మీద ఉన్నాయనకి. లోకంలోకెల్లా పేరుమోసిన పిల్లల పార్కు ఒక నాన్నకి తోచక పుట్టింది. అందులో తప్పేమీ లేదు, నాన్నలూ మనుషులే. దానికి పిల్లల పేరు పెట్టడం దగ్గరే పేచీ.

పిల్లాడికి గుర్తుండదని తల్లిదండ్రులకి తెలియకపోలేదు. పెద్దయ్యాక మనకి గుర్తుండే మొట్టమొదటి సంగతి మూడేళ్ళకి అటూ ఇటూగా జరిగినదై ఉంటుంది, అంతకు ముందువి చెరిగిపోతాయి. ఫ్రాయిడ్ దీనికో పేరు పెట్టి వందేళ్ళు దాటింది. ఎంత చిత్రమో చూడండి, డిస్నీవారి ఉచితం ఆగిపోయే చోటే మనిషి జ్ఞాపకం మొదలవుతోంది. గుర్తుండనిదానికి డబ్బు పుచ్చుకోరు. ఈ వ్యవహారం మొత్తంలో అంత నిజాయితీ గల నిబంధన ఇంకొకటి లేదు. ‘గుర్తుండకపోతేనేం, ఆ అనుభవం మెదడులో ముద్రపడుతుంది’ అనేవాళ్ళున్నారు. ఒప్పుకోవచ్చు. రెండేళ్ళవాడి మెదడుకి పట్టేది ఎదురుగా ఉన్న మనిషి ముఖం, ఆ మనిషి తనతో మాట్లాడే తీరు. ఆ నాలుగు రోజులూ ఆ మనిషి ముఖం ఫోనులోకి వంగి, నిరీక్షణ ఎన్ని నిమిషాలో చూసుకుంటూ ఉంటుంది. ముద్రంటూ పడితే నాన్న గడ్డం కింది భాగం పడుతుంది.

ఇంతకన్నా గట్టి ఎదురుప్రశ్న ఒకటుంది. తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయిస్తాం, అదీ వాడికి గుర్తుండదు కదా, మరి దాన్నెందుకు వెక్కిరించవు? వెక్కిరించను. కళ్యాణకట్టలో కత్తి పడగానే పిల్లాడు ఏడుస్తాడని అందరికీ తెలుసు, మేనమామ ఒళ్ళో గట్టిగా పట్టుకునేది అందుకే. ‘వాడు భలే ఎంజాయ్ చేశాడండీ’ అని తిరిగొచ్చి ఎవరూ చెప్పరు. అది పెద్దల మొక్కు, పెద్దలే తీర్చుకుంటారు, పిల్లాడిది జుట్టు మాత్రమే. ఓర్లాండో కూడా మొక్కే. చిన్నప్పుడు దూరదర్శన్‌లో ఆదివారం బాతుల బొమ్మలు చూసి పెరిగినవాళ్ళు, డాలర్లు చేతికొచ్చాక తీర్చుకునే మొక్కు. అదేదో ఆ మాటే చెప్పి వెళ్తే స్లాట్లక్కర్లేదు, ఏడ్చినప్పుడు కోపగించుకోనక్కర్లేదు, ఆరు అడుగుల ఎలుక దగ్గరికి వచ్చేసరికి హడలి మెడ కరుచుకున్నవాణ్ణి విడదీసి ఫోటోకి నిలబెట్టనక్కర్లేదు.

అమ్మమ్మా తాతయ్యల సంగతి చెప్పకపోతే అన్యాయం. ఆరు నెలలుండి వెళ్ళడానికి వచ్చినవాళ్ళు, డయపర్లు మార్చడానికీ పప్పన్నం పెట్టడానికీ వచ్చినవాళ్ళు, వాళ్ళకి అమెరికా చూపించడానికి ఇదొక్కటే వీలు అంటారు. ఈ కారణం నిజమైనది, నేను దీనికి జవాబు చెప్పను. అయితే అక్కడ వాళ్ళకి దక్కేదేమిటో చూడండి. కూతురూ అల్లుడూ స్పేస్ మౌంటెన్ క్యూలో ఉంటారు. వాళ్ళు తిరిగి వచ్చేదాకా స్ట్రోలరు, సంచీ, పిల్లాడూ చెట్టు కింద పెద్దాయన దగ్గర. బయటి తిండి తెచ్చుకోవడానికి పార్కు వాళ్ళ అభ్యంతరం లేదు, గాజు సీసాలు తప్ప. స్టీలు డబ్బాలో పెరుగన్నం, పక్కన జంతికలు. కోటకి వీపు పెట్టి తాతా మనవడూ బెంచీ మీద కూర్చుంటారు. జంతిక ముక్క కింద పడగానే ఎక్కణ్ణుంచో ఒక బాతు వస్తుంది, నిజం బాతు, టోపీ లేనిది, ఎవరితోనూ ఫోటో దిగనిది. పిల్లాడు ముద్ద నోట్లోనే ఉంచుకుని వేలు చూపిస్తాడు. తాతయ్య ఇంకో ముక్క విరిచి విసురుతాడు. పైన స్పీకర్లో ఏదో ఊరేగింపు మొదలవుతోందని చెబుతూంటారు. ఇద్దరిలో ఒక్కడూ తల తిప్పడు.