అరిజోనా కవర్లు

1930లలో అమెరికాలో యుద్ధనౌకల తపాలా ముద్రలు పోగుచెయ్యడం మీద జనానికి మహా మోజు. అధ్యక్షుడు రూజ్‌వెల్టే స్టాంపులంటే పడిచచ్చే మనిషి. 1932లో ఈ ముద్రల సేకర్తలు ఒక సంఘం కూడా పెట్టుకున్నారు. పెద్ద ఓడల్లో తపాలా గది ఉండేది. ముద్రలు వేసేది నావికులే. కవరు మీద మన చిరునామా మనమే రాసుకుని, మూడు సెంట్ల స్టాంపు అంటించి, ఇంకో పెద్ద కవర్లో పెట్టి ఓడకు పంపితే చాలు. ఓడ పేరూ తేదీ ఉన్న గుండ్రటి ముద్ర, దాని పక్కన అడ్డగీతలతో అది తిరిగి ఇంటికొచ్చేది. ఒక్కోసారి ఆ గీతల సందుల్లో ఓడ ఆగిన రేవు పేరో, పండగ శుభాకాంక్షలో చిన్న అక్షరాల్లో పేర్చేవారు.

ఒహాయోలో ఒక బడిపంతులుకి అరిజోనా నౌక అంటే ప్రాణం. 1931లో అధ్యక్షుడు హూవర్ కరీబియన్ దీవులు చూసొచ్చింది దానిమీదే. పంతులు క్రమం తప్పకుండా కవర్లు పంపేవాడు. నలగకుండా లోపల ఒక అట్టముక్క పెట్టేవాడు. "దయచేసి కవరు మీద ఏమీ రాయవద్దు" అని ప్రతిసారీ చీటీ జతచేసేవాడు. ఒక్క పిచ్చిగీత పడినా కవరు విలువ పోతుందని ఆయన భయం.

ఓడలోని కుర్రాడు ఆ మాట దాటలేదు. కవరు జోలికి పోకుండా, లోపలి అట్ట మీద పెన్సిలుతో రెండు ముక్కలు రాసేవాడు. 'సముద్రం పోటుమీదుంది, ముద్ర వంకరైతే మన్నించండి.' 'హవాయిలో చలన్నదే లేదు సార్. మీకు మంచు పడుతోందా?' పంతులు కవరును ఆల్బంలో అమర్చి, అట్టను పొయ్యిలో పడేసేవాడు.

1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్‌లో జపాను బాంబు పడి, అరిజోనా ముందుభాగంలోని మందుగుండు పేలిపోయింది. 1,177 మంది చనిపోయారు. వాళ్ళలో తొమ్మిది వందల మందికి పైగా ఇప్పటికీ ఆ నీటి అడుగున, ఆ ఓడలోనే ఉన్నారు. ఆ ముద్ర ఇక ఏ కవరు మీదా పడదు. ఉన్నవాటికి గిరాకీ పెరిగింది.

మరుసటి వేసవిలో ఒక ముసలమ్మ రైలెక్కి, పంతులు ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. "ఆ ముద్రలు వేసింది మా అబ్బాయి" అంది.

పంతులు కదిలిపోయాడు. ఆల్బం తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె ఒక్కో పేజీ తిప్పింది. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ మొదటినుంచీ తిప్పింది.

"మీకు నచ్చినవి తీసుకోండమ్మా. డబ్బులేమీ వద్దు" అన్నాడాయన.

"వాడు వాళ్ళ నాన్నతో పోట్లాడి ఇల్లొదిలి పోయాడు మాస్టారూ. నాకు ఒక్క ఉత్తరం రాయలేదు. బతికి బయటపడ్డ వాడి స్నేహితుడొకడు చెప్పాడు, మీకు మాత్రం కవరు కవరుకీ రెండు ముక్కలు రాసేవాడట. అవి చూసుకుందామని వచ్చాను."

ఆల్బం మూసి ఆయన చేతికిచ్చింది.

"ఇందులో ఉన్నదంతా మీ రాతే కదా మాస్టారూ!"