మీసానికీ మాస్కుకీ పడదు

కృష్ణా జిల్లా మెట్టలో ఉన్న కీసరకు పాత ఇబ్బంది ఒకటుంది. హైదరాబాదు పక్కన ఇంకో కీసర ఉంది. ఆ కీసరకు గుట్ట ఉంది, గుట్ట మీద రామలింగేశ్వరుడున్నాడు, శివరాత్రికి జాతరుంది. ఈ కీసరకు మున్నేరు ఉంది, ఏటి మీద వంతెన ఉంది, ఊరి పేరుతో ఒక టోల్‌గేటు ఉంది. సంక్రాంతి ముందు టీవీలో "కీసర దగ్గర బారులు తీరిన కార్లు" అని చూపించేది ఈ కీసరనే. 2022 ఏప్రిల్ నుంచి కాగితాల మీద ఇది ఎన్టీఆర్ జిల్లా. అరుగుల మీద మాత్రం ఇంకా కృష్ణా జిల్లాయే.

అంటే పేరు ఒకటే ఇచ్చి, రాయి ఒక ఊరికీ నీళ్ళు ఇంకో ఊరికీ పంచారన్నమాట. ఈ పంపకంలోని తిరకాసు ఊళ్ళో కొందరికి ఈమధ్యే తెలిసొచ్చింది. రాక్ క్లైంబింగూ స్నార్కెలింగూ ఒకే యాత్రలో కానిచ్చేద్దామని వాళ్ళు సంచులు సర్దుకున్నారు మరి.

ఆలోచన బావమరిదిది. థాయిలాండులో క్రాబీ దగ్గర రైలే అనే తీరం ఉంది. సముద్రంలోంచి నిటారుగా లేచిన సున్నపురాయి కొండలు. పొద్దున తాడు కట్టుకుని కొండెక్కుతారు, మధ్యాహ్నం కళ్ళకు అద్దాలు, నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్ళ మీద బోర్లా తేలుతూ చేపల్ని చూస్తారు. రెండింటికీ మధ్య దూరం నాలుగడుగులు. 2023 నవంబరులో మనవాళ్ళకు వీసా ఎత్తేశారని, 2024 ఏప్రిల్లో విశాఖ నుంచి బ్యాంకాకుకు నేరుగా విమానం కూడా మొదలైందని అతను ఫోన్ చూపించి మరీ చెప్పాడు.

"ఎంతవుద్దిరా?" అన్నాడు ఎరువుల కొట్టు బావగారు. మీసం దువ్వుతూ అన్నాడు. ఆ మీసం గురించి తరవాత చెప్పుకోవాలి.

అంకె విన్నాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు రిటైరైన లెక్కల మాష్టారు గొంతు సవరించుకున్నారు. "సున్నపురాయి చూడ్డానికి విమానం ఎందుకయ్యా? జగ్గయ్యపేట బస్సెక్కితే సరిపోదూ?"

ఇది వెటకారంలా వినిపించినా, వెనక భూగర్భశాస్త్రం ఉంది. జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఆ నేలలోని సున్నపురాయి కోసమే. ఆ రాయి ఒకప్పుడు లోతులేని సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్నది. వయసు తక్కువలో తక్కువ 50 కోట్ల ఏళ్ళ పైమాటే. క్రాబీ కొండలది 25, 30 కోట్ల దగ్గర. వాళ్ళ బండకు మన బండ తాత వరస. తేడా ఒక్కటే. అక్కడ సముద్రం కొండ పక్కనే ఉండిపోయింది, వాన రాయిని గుంతలు గుంతలుగా తొలిచి చేతికి పట్టు దొరికేలా చేసింది. ఇక్కడ సముద్రం చెప్పాపెట్టకుండా లేచిపోయింది. దాంతో అక్కడి రాయికి మనుషులు వేలాడుతున్నారు, ఇక్కడి రాయి బస్తాల్లోకెక్కి అపార్టుమెంట్లు అవుతోంది.

కాబట్టి తెలుగునాట రాయికోసం ఒక దిక్కుకూ నీళ్ళకోసం ఇంకో దిక్కుకూ వెళ్ళాల్సిందేనని తీర్మానమైంది. రాయి భువనగిరిలో ఉంది, పడమటికి 200 కిలోమీటర్ల పైన. సముద్రం రుషికొండలో ఉంది, తూర్పుకు 400కు కాస్త తక్కువ. మధ్యలో కీసర. టోలు మాత్రం రెండువైపులా ఉంది.

భువనగిరి కోట చాళుక్య చక్రవర్తి త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మోస్తోంది. 500 అడుగుల పైచిలుకు ఏకశిల. ముట్టడించడానికి వచ్చినవాళ్ళు జారిపడాలని ఎంచుకున్న కొండ అది. ఇప్పుడు జనం పనిగట్టుకుని వచ్చి జారుతున్నారు. ఆషామాషీ చోటు కాదు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ తొలి పాఠాలు ఈ బండ మీదే నేర్చుకున్నారు. పూర్ణకు అప్పటికి 14 ఏళ్ళు కూడా నిండలేదు. ఈ మాట శిక్షకుడు చెప్పగానే, 50 దాటిన ఎరువుల కొట్టాయన నడుముకు బెల్టు బిగించుకుంటూ పొట్ట లోపలికి పీల్చుకున్నాడు.

ఎక్కడమంటే చేతుల బలమని మగవాళ్ళందరి నమ్మకం. వడ్ల బస్తాలు మోసిన చేతులకు బండ ఒక లెక్కా? లెక్కే. గ్రానైటు ఏటవాలు మీద పని చేసేది పాదం. ఒంటి బరువంతా కాలివేళ్ళ మీద పెట్టి, రబ్బరు అడుగున్న బూటును రాతికి అదిమి, ఆ ఒరిపిడిని నమ్మి లేవాలి. చేతులు తోడు కోసమే. చేతులతో పైకి లాక్కోబోయినవాడి ముంజేతులు కాసేపటికే రాయిలా బిగుసుకుంటాయి, తరవాత టీగ్లాసు కూడా పట్టుకోనివ్వవు. మగవాళ్ళు వంతులవారీగా ఈ సత్యాన్ని రుజువు చేస్తూ కిందికొచ్చారు. మోకాటి నొప్పులని మూణ్ణెల్లుగా మూలుగుతున్న వదినగారు మాత్రం చేతులకు తెల్లపొడి రాసుకుని (మెగ్నీషియం కార్బొనేటు, చెమట పీల్చడానికి) తొందర లేకుండా, మెట్లెక్కినట్టే పైదాకా వెళ్ళిపోయింది.

"వదినా, కిందికి చూడకు!" అని అరిచాడు బావమరిది.

"చూస్తే ఏముందిరా, మీరేగా కనపడేది," అంది వదినగారు పైనుంచి.

తాడు విషయంలో ఒక మాట చెప్పాలి. పైకెక్కేవాడి ప్రాణం కింద తాడు పట్టుకున్నవాడి చేతిలో ఉంటుంది, దాన్ని బిలే అంటారు. బెల్టుకున్న చిన్న లోహపు పరికరంలోంచి తాడు మెలిక తిరిగి పోతుంది కాబట్టి, తేలికపాటి మనిషి కూడా తనకన్నా బరువైన మనిషిని ఆపగలడు. ఇదంతా శిక్షకుడు వివరిస్తుంటే, మెట్ట ప్రాంతం వాళ్ళకు గుర్తొచ్చింది మోకు. మన గీత కార్మికులు తరతరాలుగా ఎక్కుతున్నది ఆ ఒక్క తాడుతోనే. కింద ఇంకోడు పట్టుకునేదీ లేదు, తలకు హెల్మెట్టూ లేదు. 2024లో తెలంగాణ ప్రభుత్వం "కాటమయ్య రక్షణ కవచం" పేరుతో వాళ్ళకు తాళ్ళు, బెల్టులున్న కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆదివారం సరదాకు ఎక్కేవాడికి ముందే దొరికిన బెల్టు, రోజూ కూలికెక్కేవాడికి అన్నాళ్ళ తరవాత దొరకడం మాత్రం హాస్యవ్యాసంలో ఇమిడే సంగతి కాదు.

ఇక సముద్రం.

రుషికొండకు వెళ్ళే దారిలోనే బావమరిదికి కొత్త ఆశ పుట్టింది. విశాఖలో తూర్పు కనుమలు సముద్రం దాకా వచ్చాయి కదా, కొండా నీళ్ళూ కలిసే ఉన్నాయి కదా, అక్కడే ఎక్కితే పోలా అని. ప్రశ్న న్యాయమైనదే. కృష్ణా, గోదావరి నదులు ఒండ్రు పోసి చదును చేసిన తీరమంతా దాటాక, రాయి కనిపించేది ఇక్కడే. డాల్ఫిన్స్ నోస్ కొండ ముక్కు ఏకంగా సముద్రంలోకే చాచుకుని ఉంటుంది. కానీ అది నౌకాదళం ఇలాకా. మిగిలిన కొండల రాయి ఖొండలైట్. టి.ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1902లో ఖోండు గిరిజనుల పేరు మీదుగా దానికా పేరు పెట్టాడు. ఎండకూ వానకూ ఉప్పుగాలికీ పెళుసెక్కి పెచ్చులూడటం దాని స్వభావం. కోణార్క గుడి కట్టింది ఎక్కువగా ఈ రాతితోనే, అక్కడి శిల్పాల ముక్కులు అరిగిపోవడం చూసినవాళ్ళకు మిగతాది చెప్పక్కర్లేదు. సూర్యదేవుడి గుడిలోనే నిలవలేక రాలిపోతున్న రాయి ఎరువుల కొట్టాయన్ని మోస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేకపోయారు.

స్నార్కెలింగుకు ముందురోజు సాయంత్రం శిక్షణ జరిగింది. అద్దాల మాస్కు మొహానికి పెట్టి, ముక్కుతో గాలి లోపలికి పీలిస్తే అది అతుక్కుపోవాలి. అందరికీ అతుక్కుంది, బావగారికి తప్ప. మాస్కు అంచు సిలికాన్, అది చర్మానికి అంటుకుంటుంది గాని వెంట్రుకలకు అంటుకోదు. మీసం సందుల్లోంచి నీళ్ళు లోపలికి వస్తాయి.

"అంకుల్, మీసం తీసేస్తే మంచిది," అన్నాడు శిక్షకుడు. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, ఎదురుగా ఉన్నది నందిగామ తాలూకా మీసమని తెలియదు పాపం.

బేరసారాలు నడిచాయి. వాజలీను పూసుకునే పద్ధతి ఉందిగాని దానికి పూర్తి గ్యారంటీ లేదన్నారు. చివరికి ముక్కు కింద ఒక గీత మేర మాత్రం గొరిగిస్తే మాస్కు అంచు అక్కడ కూర్చుంటుందని మధ్యేమార్గం దొరికింది. మంగలి షాపులో "ఎంత తియ్యమంటారు సార్?" అని అడిగితే, బావగారు స్థలం సరిహద్దులు చూపించే పెద్దమనిషిలా వేలితో గీత గీసి చూపించాడు.

మర్నాడు పడవలో ఇంకో అవమానం. అద్దానికి లోపల ఆవిరి పట్టకుండా ఉమ్మి రాయాలట. ఇది నిజంగానే ప్రపంచమంతా పాటించే పద్ధతి. ఎవరి అద్దంలో వాళ్ళు ఉమ్ముకుంటుంటే, మాష్టారు మాత్రం సంస్కారం కొద్దీ అటు తిరిగి ఆ పని కానిచ్చారు. లైఫ్ జాకెట్ దగ్గరా పేచీ వచ్చింది. నడుముకు బెండ్లు కట్టుకుని బావిలో ఈత నేర్చి, ఆ బెండ్లు విప్పిన రోజును పెళ్ళిరోజు కన్నా బాగా గుర్తుపెట్టుకున్న తరం అది. మళ్ళీ బెండు కట్టుకోవడమా? కట్టుకున్నారు, సముద్రం ఒక్క ఊపు ఊపాక.

"గొట్టం ఇంత పొట్టిదేంటి? మూడు గజాల పైపు పెడితే అడుగుదాకా పోయి చూడొచ్చుగా?" అని బావగారి సందేహం. డ్రిప్పు పైపులు అమ్మే మనిషికి రావాల్సిన సందేహమే. నీళ్ళలో మీటరు లోతుకు వెళ్తే, అడుగు పొడవు, అడుగు వెడల్పున్న ఛాతీ మీద దాదాపు 93 కిలోల ఒత్తిడి పడుతుంది. గొట్టంలోని గాలి మాత్రం పైనున్న మామూలు గాలే. రెండు యూరియా బస్తాలు గుండె మీద పెట్టుకుని ఊపిరి పీల్చడం ఎవరి వల్లా కాదు. బస్తా 50 కిలోల నుంచి 45కు తగ్గిన తరవాతి లెక్క ఇది, పాత బస్తా అయితే ఇంకా కష్టం. అందుకే గొట్టం మూరెడు దాటదు. నీళ్ళలో మునిగేవాళ్ళు గొట్టంతో గాలి పీల్చడాన్ని ఏనుగు తొండంతో పోల్చి అరిస్టాటిల్ ఏనాడో రాశాడు. మన దుర్యోధనుడు గొట్టం కూడా లేకుండా మడుగులో దాక్కున్నాడు గాని, ఆయనకు జలస్తంభన విద్య వచ్చు. పైకి రమ్మని ధర్మరాజు తిట్టాల్సి వచ్చింది. కీసర వాళ్ళను ఎవరూ తిట్టక్కర్లేకపోయింది, నోటితో మాత్రమే ఊపిరి పీల్చాలన్న సంగతి మరిచిన ప్రతివాడూ తనంతట తనే పైకొచ్చాడు.

చేపలు కనిపించాయా? కనిపించాయి. రాళ్ళ దగ్గర, ఒంటి మీద నల్లచారలున్న చిన్నచేపలు. అండమానులోలా అద్దంలాంటి నీరు కాదు, కాస్త మసక. ఈ మసకకు కారణం మనమేనని మాష్టారి సిద్ధాంతం. మున్నేరు కృష్ణలో కలుస్తుంది, కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది, ఫిబ్రవరి నుంచి మే దాకా తీరం వెంట ప్రవాహం ఉత్తరానికి నడుస్తుంది. 2023 జులైలో ఐతవరం దగ్గర హైవే మీదుగా పొర్లి రోడ్డే మూయించిన మున్నేరు, పోతూ పోతూ మన మట్టి ఎంత పట్టుకుపోయిందో ఎవరికి తెలుసు? "మన పొలం మట్టిని మనమే అద్దాలు పెట్టుకుని చూస్తున్నామయ్యా," అన్నారాయన నీళ్ళు కక్కుతూ. గోదావరిని ఆయన లెక్కలోకే తీసుకోలేదు, పక్క జిల్లాకు ఆ ఘనత ఇవ్వడం ఇష్టం లేక.

ఒడ్డున టిఫిన్ దగ్గర చేప సైజు మూరెడయింది. ఇందులో కొంత న్యాయం ఉంది. నీళ్ళలో మాస్కు అద్దంలోంచి చూస్తే వస్తువు ఉన్నదానికంటే మూడోవంతు పెద్దదిగా, పావువంతు దగ్గరగా కనిపిస్తుంది. ఆ మూడోవంతు కాంతి వక్రీభవనం ఖాతా. కంచికచర్ల చేరేసరికి పెరిగిన మిగతా రెండు మూరలు బావగారి సొంతం.

రాష్ట్ర తీరం కూడా ఇలాగే పెరిగిందని మాష్టారు సమర్థించారు. కేంద్రం తీరాన్ని మరింత సన్నని వంపులతో సహా మళ్ళీ కొలిస్తే, 974 కిలోమీటర్లన్న ఆంధ్ర తీరం 1,053 అయింది. ఎవరూ గంపెడు మట్టి పోయకుండానే దాదాపు 80 కిలోమీటర్లు కలిసొచ్చాయి. అదే కొలతలో తమిళనాడు మనల్ని దాటిపోయిందన్న ముక్క ఆయన మింగేశారు.

ఊళ్ళో దిగగానే ముందు చూసింది మీసాన్ని. "తిరపతి ఎల్లొచ్చారా?" అని ఒకరు, "సగమే మొక్కుకున్నారా?" అని ఇంకొకరు. అరుగు మీద కూర్చున్న పెద్దమ్మ మాత్రం అసలు విషయానికి వచ్చింది.

"చేపలున్నయ్యా?"

"ఉన్నయ్యి పెద్దమ్మా, బోలెడు."

"ఏం పట్టారు?"

"పట్టకూడదు పెద్దమ్మా. ఊరికే చూడాలి."

"ఊరికే అంటే, ఊరికేనా?"

"కాదు, డబ్బులు కట్టాం."

"చూడ్డానికా! ఎంత?"

లెక్కల మాష్టారు టోళ్ళతో సహా కూడి చెప్పబోయారు. బావగారు ఆయన కాలు తొక్కాడు.