త్రీ ఫిఫ్టీన్ సార్

కంచన్‌బాగ్‌లో గోడలు రెండు రకాలు. ఒక గోడ మీద ఫొటోలు తీయరాదని రాసి ఉంటుంది. ఇంకో గోడ మీద మూత్రం పోయరాదని రాసి ఉంటుంది. జనం మొదటిదాన్ని మాత్రమే పాటిస్తారు. ఆ మొదటి రకం గోడల వెనక 1970లో పెట్టిన భారత్ డైనమిక్స్ ఉంది, 1973లో పుట్టిన మిథాని ఉంది, డీఆర్‌డీవో ల్యాబులున్నాయి. అక్కడ క్షిపణులు తయారవుతాయని, తేలిగ్గా దొరకని లోహాలు కరుగుతాయని దేశమంతటికీ తెలుసు. వాటిని చేసినవాడి భార్యకు మాత్రం తెలీదు. "ఇవ్వాళ ఏం చేశారు?" అని ముప్పై అయిదేళ్లు అడిగితే ముప్పై అయిదేళ్లూ "డ్యూటీ" అన్నాడాయన.

అలాంటి మనిషి రిటైరైతే ఇబ్బంది మొదలవుతుంది. బ్యాంకు మేనేజరు రిటైరైతే లోన్ల కథలు చెప్పుకుంటాడు. హెడ్మాస్టరు ఎవరెవరి చెవులు మెలిపెట్టాడో చెప్పుకుంటాడు. ఈయనకు చెప్పాల్సింది కడుపు నిండా ఉంది, చెప్పకూడదు. అందుకని కొందరు హోమియోపతిలోకి దిగుతారు, కొందరు వాస్తులోకి. ఇంకొందరు తమకు సంబంధం లేని తుపాకుల్లోకి దిగుతారు. సంతోష్‌నగర్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏ చాయ్ హోటల్లో కాసేపు కూచున్నా ఈ జాతి మనిషి ఒకడు తగులుతాడు. మా కాలనీకి దక్కినాయన పేరు త్రీ ఫిఫ్టీన్ సార్. అసలు పేరు గేటు పక్క పోస్టు డబ్బా మీద ఉంది. ఉత్తరాలూ రావు, దాన్నెవరూ చదవరు.

త్రీ ఫిఫ్టీన్ అంటే పాయింట్ త్రీ వన్ ఫైవ్ రైఫిలు. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారీ, గొళ్లెం లాగినట్టు చేత్తో బోల్టు లాగి తోసే రకం, మన దేశంలో లైసెన్సున్న మామూలు మనిషి భుజాన తరచూ కనపడేది. దాని పుట్టుకలోనే ఒక రాజకీయం ఉంది. సిపాయిల పాయింట్ త్రీ నాట్ త్రీ గుండు ప్రజల చేతికి చిక్కితే ప్రమాదమని తెల్లదొరలు ఆ సైజును పౌరులకు నిషేధించారు. దాంతో ఆస్ట్రియా వాళ్ల పాత ఎనిమిది మిల్లీమీటర్ల తూటాను తెచ్చుకుని, దానికి తగ్గ రైఫిలు చేశారు. తెల్లవాళ్లు వెళ్లిపోయారు, ఆ తూటా ఉండిపోయింది. ఇదంతా నేను పుస్తకంలో చదవలేదు. పాల ప్యాకెట్ కోసం వెళ్లి నిలబడిన పాపానికి విన్నాను.

సార్ నల్లగొండ పక్క మనిషి. లోపల ఏం చేసేవారో అడక్కూడదు గానీ, ఇన్‌స్పెక్షన్ సెక్షనని మాటల్ని బట్టి తేలిగ్గా తెలుస్తుంది. కూరగాయల బండి దగ్గర బెండకాయ తోక విరిచి చూసి పక్కన పెట్టే తీరులోనే ఆ సర్వీసంతా కనిపిస్తుంది. ఆయన దగ్గర తుపాకీ లేదు. ఎన్నడూ లేదు. కుర్రాళ్లు ముచ్చటపడి కొనే ఎయిర్‌గన్ను కూడా ఆయన ముట్టలేదు. అయితే ప్రపంచంలో చవకగా దొరికే బోల్టు రైఫిళ్ల బరువులు మాత్రం ఆయనకు మనవల పుట్టినరోజుల కంటే బాగా తెలుసు. రూగర్ అమెరికన్ రెండు కిలోల ఎనిమిది వందలు. శావేజ్ యాక్సిస్ మూడు కిలోలకు కాస్త తక్కువ. మన ఇషాపూర్‌ది దాదాపు మూడు కిలోల నాలుగు వందలు. ఆ నాలుగు వందల దగ్గర ఆయన గొంతు కొంచెం తగ్గుతుంది, అమ్మాయి ఒళ్లు చేసిందని సంబంధం వాళ్లకు చెప్పాల్సి వచ్చిన తండ్రిలాగా.

కచ్చితత్వం అనే సబ్జెక్టును ఆయన ఉస్మానియా బిస్కెట్ మీద బోధిస్తారు. బిస్కెట్‌ను సాసర్లో పెట్టి, కౌంటర్ మీది సోంపు గింజలు మూడు తెచ్చి, దాని మీద దగ్గర దగ్గరగా పేరుస్తారు. "ఇది వంద గజాల దూరంల టార్గెట్ అనుకో. ఒక డిగ్రీని అరవై ముక్కలు చేస్తే వచ్చేది ఒక మినిట్. వంద గజాల కాడ ఆ మినిట్ విలువ ఒక అంగుళం, పైన చిల్లర. మూడు గుండ్లూ గా అంగుళంల పడితే తుపాకీ మంచిదని కంపెనోడు సంతకం పెట్టి కార్డిస్తడు." ఇక్కడ ఒక గుటక చాయ్. "మూడు గుండ్లకే! మూడు శాంపిళ్లు చూసి లాట్ పాస్ చేస్తవానయ్యా? మా తాననైతే నిన్ను గేటు బయట నిలబెడుదురు." అంటూ ఇంకో ఏడు గింజలు తెచ్చి బిస్కెట్ నిండా చల్లుతారు. కాల్చేకొద్దీ గుండ్ల గుంపు వెడల్పవుతుందే తప్ప చిన్నదవదు, పది కాల్చాక మిగిలిందే దాని అసలు గుణం అని ఆయన సిద్ధాంతం. గుంపు చిన్నదవదన్న మాట లెక్క ప్రకారం నూటికి నూరుపాళ్లూ నిజం. తర్వాత ఆ బిస్కెట్‌ను ఆయనే తినేస్తారు, సోంపుతో సహా.

నాలుగైదు వందల డాలర్ల తుపాకీ అంత సూటిగా ఎలా కొడుతుందని ఎవరైనా అడిగితే ఆ రోజు మధ్యాహ్నం భోజనం ఆలస్యమే. 1958లో శావేజ్ కంపెనీలో నికొలస్ బ్రూయర్ అనే ఆయన గొట్టాన్ని బిగించడానికి ఒక నట్టు పెట్టాడు. తూటా కూర్చునే సందును అంతకుముందు చేయి తిరిగిన పనివాడు కొంచెం కొంచెంగా తొలిచి సరిచేసేవాడు. ఇప్పుడు గేజీ పెట్టి నట్టు బిగిస్తే అయిపోతుంది. మనిషి జీతం మిగిలింది, కొలతా కుదిరింది. ఆ నట్టును చెప్పేటప్పుడు సార్ కుడిచేతి వేళ్లు గాల్లో ఏదో బిగిస్తుంటాయి. ఇక చెక్క దిమ్మ సంగతి. వానాకాలం చెక్క ఉబ్బి గొట్టాన్ని ఒత్తితే గుండు దారి మారుతుంది. ప్లాస్టిక్ దిమ్మకు ఆ బాధ లేదు గానీ, చవకరకం ప్లాస్టిక్ చేతి ఒత్తిడికే వంగి గొట్టానికి తగులుతుంది. గొట్టానికీ దిమ్మకూ మధ్య నోటు దూర్చి లాగితే ఆగకుండా రావాలి. మా కాలనీలో తుపాకీ లేదు గనక ఆ పరీక్షను ఆయన ఫ్రిజ్ తలుపు రబ్బరు మీద పది రూపాయల నోటుతో చేసి చూపించారు. నోటు ఆగకుండా వచ్చింది. సార్ వాళ్లావిడ, అంటే మా ఆంటీ, వెంటనే రబ్బరు మార్పించారు. కరెంటు బిల్లు తగ్గింది కూడా. ఆయన పరిజ్ఞానం వల్ల కాలనీకి జరిగిన మేలు ఇదొక్కటే.

బరువు విషయంలో ఆయనకు ఉపన్యాసం చాలదు, ప్రయోగం కావాలి. షుగరొచ్చాక అన్నం తూచుకుని తినమని డాక్టరు చెబితే ఆంటీ కొన్న డిజిటల్ తక్కెడ ఉంది. రెండు మాప్ కర్రలు తీసుకుని, వాటికి సోనామసూరి బియ్యం సంచులు కట్టి, ఆ తక్కెడ మీద గ్రాము తేడా లేకుండా ఒకటి రెండు కిలోల ఎనిమిది వందలకూ, ఇంకోటి మూడు కిలోల నాలుగు వందలకూ తెచ్చి, వాచ్‌మన్ భుజానికి ఒకదాని తర్వాత ఒకటి ఆనించారు.

"ఏది నయమనిపిస్తంది?"

"రెండూ బరువే సార్."

"నడిచేటప్పుడు తేలికది నయం. పేల్చినప్పుడు బరువుది నయం. అదే తూటా తేలిక తుపాకీల పెట్టి కొడితే భుజం మీద గుద్దు ఎక్కువైతది. గుద్దుకు భయపడ్డోడు ట్రిగ్గర్ నొక్కకముందే కండ్లు మూస్తడు. ఇగ గుండు ఏడికి పోతదో దేవునికెరుక."

వాచ్‌మన్ అప్పటికే కళ్లు మూసుకున్నాడు, నైట్ డ్యూటీ చేసిన మనిషి.

పోటీల్లో తుపాకులు బరువుగా ఉండేది ఇందుకేనట. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం కొట్టిన పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో అయిదున్నర కిలోల దాకా తుపాకీకి అనుమతి ఉంది. దాన్ని మోసుకుని గుట్టలెక్కనక్కర్లేదు, నిలబడి కాలిస్తే చాలు. వేటకు పోయేవాడు గుట్ట ఎక్కాలి. పైగా కేటలాగులో రాసే బరువు ఒట్టి తుపాకీది. దుర్భిణి, దాని క్లిప్పులు, బెల్టు, తూటాలు కలిస్తే ఇంకో కిలో దాకా చేరుతుంది. ఈ సంగతి కంపెనీలు దాచిపెడుతున్నాయని సార్ బాధ. దాచిపెట్టడమంటే ఏమిటో ఆయన కంటే ఎవరికి బాగా తెలుసు!

హోటల్ భాయ్‌కీ ఈయనకూ మధ్య ఎన్నేళ్లుగానో నడుస్తున్న తగువొకటుంది. పాతబస్తీలో వేట కథలకు లోటు లేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ముప్పైకి పైగా పులుల్ని కొట్టాడని, అందుకే తీస్ మార్ ఖాన్ అన్నారని ఇక్కడ పసిపిల్లాడు కూడా చెబుతాడు. భాయ్ వాళ్ల తాత ఆ కాలపు షికారు బృందాల్లో గుడారాలు మోసినాయన వారసుడట. భాయ్ దగ్గర కథలున్నాయి, అంకెలు లేవు. సార్ దగ్గర అంకెలున్నాయి, కథ లేదు. "మా తాత చీకట్లో ఒక్క గుండుకి షేర్‌ని పడగొట్టిండు" అని భాయ్ అంటాడు. "ఎంత దూరం? గుండు ఎన్ని గ్రెయిన్లు? ఆనుకుని కొట్టిండా, నిలబడి కొట్టిండా?" అని ఈయన జేబులోంచి పెన్ను తీస్తారు. "అరే సాబ్, షేర్ కో పూఛో" అని భాయ్ గల్లాపెట్టె మూస్తాడు.

తుపాకీ ఎందుకు కొనలేదని నేనొకసారి అడిగాను. లైసెన్సు దరఖాస్తు తెచ్చుకున్నారట. పేరు, వయసు, చిరునామా ముత్యాల్లాంటి అక్షరాలతో నింపారట. ఎందుకు కావాలన్న గడి దగ్గర కలం ఆగిపోయిందట. వేటకని రాయడానికి లేదు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. 1991 సవరణతో లైసెన్సు తీసుకుని ఆడే వేట కూడా పోయింది. ప్రాణభయమని రాద్దామంటే ఆయనకు శత్రువుల్లేరు. ఆయన బోధనకు దొరికిపోయినవాళ్లు తప్పించుకు తిరుగుతారు గానీ మీద పడరు. పంట కాపలాకని రాద్దామంటే ఊళ్లో పొలం తమ్ముడి పేరున ఉంది. "నిజం రాయాల్నంటే 'తూకం చూడనీకి' అని రాయాలె. గట్ల రాస్తే ఇస్తరా?" అన్నారు. ఇవ్వరు. ఆ మాటకొస్తే ఇవ్వకూడదు కూడా.

ఆ తమ్ముడి పొలం మీద ఒకసారి అడవి పందులు పడ్డాయి. పంట నాశనం చేసే పందుల్ని అనుమతి ఉన్న షూటర్లతో కొట్టించే ఏర్పాటు మన రాష్ట్రంలో ఉంది కదా. షూటరొస్తున్నాడని తెలిసి సార్ రాత్రి బస్సెక్కి వెళ్లారు. ఊరంతా పందిని చూడ్డానికొస్తే ఈయన తుపాకీని చూడ్డానికి వెళ్లారు. అది ఇషాపూర్ త్రీ ఫిఫ్టీనే. ఇది వంద గజాలకు ఎంత అంగుళం ఇస్తుందని షూటర్ని అడిగారు. ఆ షూటరు బీడీ ఆర్పి, "అంగుళం సంగతి నాకు తెల్వది సార్. పంది వస్తది, కొడత, పోతది" అన్నాడు. సార్ రాత్రంతా మంచె మీద కూచుని షూటరుకు మినిట్ అంటే ఏమిటో వివరించారట. మాటలకో ఏమో, ఆ రాత్రి పందులు రాలేదు. తమ్ముడు తర్వాత మూడు నెలలు ఫోనెత్తలేదు.

ఇన్నాళ్లకు ఆయనకు ఒక శిష్యుడు దొరికాడు, డాలస్‌లో సాఫ్ట్‌వేర్ చేసే మేనల్లుడు. అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్నవాడికి మామూలుగా తుపాకీ అమ్మకూడదు. కానీ ఆ చట్టంలోనే ఒక సందుంది, వేట లైసెన్సు చేతిలో ఉంటే కొనొచ్చు. టెక్సాస్‌లో ప్రైవేటు పొలాల్లో యజమాని ఒప్పుకుంటే అడవి పందిని కొట్టడానికి 2019 నుంచి వేట లైసెన్సే అక్కర్లేదు. కాబట్టి మనవాడికి పంది కోసం లైసెన్సు అవసరం లేదు, తుపాకీ కొనడానికే అవసరం. ఈ విషయం తెలిసిన రోజు సార్ పదిమందికి చాయ్ పోయించారు. లోపాలు వెతకడం వృత్తి అయినవాడికి చట్టంలో లోపం దొరికితే అది పండగే.

మేనల్లుడు శావేజ్ యాక్సిస్ కొన్నాడు. మూడు గుండ్లు అంగుళంలో పడిన కాగితాన్ని ఫొటో తీసి పంపాడు. "ఇంకో ఏడు" అని మామ జవాబిచ్చారు. "మామా, ఒక్కో తూటా డాలరున్నరకు పైనే" అని వాడు. "క్వాలిటీకి ఖర్చు చూస్తరా?" అని ఈయన. కొన్నాళ్లకు వాడే ఫోన్ చేసి, "అరవై గజాల్లో పందిని కొట్టిన మామా. అంత దగ్గర్ల ఒక అంగుళమైతేంది, రెండంగుళాలైతేంది? జింకకైనా ఎనిమిదంగుళాల చోటుంటదట గురి పెట్టనీకి. బల్ల మీద ఆనిచ్చి కొడితే అంగుళమొస్తది గానీ, నిలబడి కొడితే నా చెయ్యి వణుకుడే ఆరంగుళాలున్నది" అన్నాడు. వాడన్నది అక్షరాలా నిజం. వేటగాళ్లంతా ఒప్పుకునే నిజం. సార్ రెండు రోజులు హోటలుకు రాలేదు. మూడోరోజు వచ్చి, "చెయ్యి వణుకుడు ఆపరేటర్ ఎర్రర్. దాన్ని ప్రొడక్ట్ మీద వెయ్యొద్దు" అని తీర్పు చెప్పి బిస్కెట్ తెప్పించుకున్నారు.

నిరుడు కూతురి పురిటికని భార్యాభర్తలిద్దరూ డాలస్ వెళ్లారు. టూరిస్టు వీసా మీద వచ్చినవాడికీ అదే రూలు, వేట లైసెన్సు లేకపోతే తుపాకీ పట్టకూడదు. ఈయన ముందు లైసెన్సు తీసుకున్నారు. కంచన్‌బాగ్‌లో ఇంత కాలం దొరకని కాగితం టెక్సాస్‌లో దుకాణం కౌంటర్ మీద దొరికింది. దాన్నిప్పుడు ఫ్రేము కట్టించి హాల్లో వెంకటేశ్వరస్వామి పక్కన పెట్టారు. అక్కడ రేంజిలో మేనల్లుడు శావేజ్‌ను చేతికందించాడట. చెవులకు మఫ్‌లు పెట్టాడట, ఎదర కాగితం కట్టాడట. సార్ తుపాకీని అటూ ఇటూ తిప్పి చూసి, మేనల్లుడి పర్సులోంచి డాలర్ నోటు తీయించి గొట్టం కింద దూర్చి లాగారట. తర్వాత జేబులోంచి విమానం సూట్‌కేసులు తూచే కొక్కెం కాటా తీసి, బెల్టుకు తగిలించి, రెండుసార్లు తూచి, చిన్న పుస్తకంలో రాసుకున్నారట. పక్క బల్లల దగ్గరి అమెరికన్లు కాల్చడం ఆపి చూశారట.

"కేటలాగు కన్నా నూట పది గ్రాములు ఎక్కువున్నది" అన్నారట.

"సరే మామా, ఇప్పుడు కాల్చు."

"కాల్చుడు నీ డ్యూటీరా. నాది ఇన్‌స్పెక్షన్" అని తుపాకీ వాపసిచ్చేశారట.