పిల్లబడి పద్యానికి టీకా తాత్పర్యం

మూలం:

పిల్లబడిని పెట్టి పేరు రావాలంటె
సలహ చెప్పువాని జాడలేల?
ఆయ నడిగి పిదప నందరి నడుగుమా
యంగలకుదురందు నదియె రీతి.

అవతారిక: పిల్లల సంరక్షణ కేంద్రం పెట్టదలచినవారికి స్థలం కుదిరాక, బోర్డుకు రంగులు ఎంచుకోకముందు ఒక సందేహం వస్తుంది. కన్సల్టెంటును పెట్టుకోవాలా, అక్కర్లేదా? ఈ పద్యం ఆ సందేహం తీర్చడానికి పుట్టింది. మూలం లేనిదే వ్యాఖ్య కుదరదు గనుక వ్యాఖ్య కోసమే మూలాన్ని అల్లవలసి వచ్చింది. మెదకుసీమ కొలచాల మల్లినాథసూరి అయితే ఇందుకు ఒప్పుకునేవాడు కాదు. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన నియమం. ప్రాజెక్టు రిపోర్టులు రాసేవారు సాధారణంగా ఆ నియమం జోలికి పోరు. శిశుపాలవధకు వ్యాఖ్య రాసిన ఆ మహానుభావుడు శిశుపాలనను మాత్రం వదిలేశాడు. ఆ కొరత ఇక్కడ తీరుతుంది.

ప్రతిపదార్థం: పిల్లబడిని = పసిపిల్లల బడిని, పెట్టి = స్థాపించి, పేరు రావాలంటె = నలుగురూ మంచిదనుకోవాలంటే, సలహ చెప్పువాని = కన్సల్టెంటు యొక్క, జాడలు = ఆచూకీలు, ఏల = ఎందుకు, ఆయన్ = ఆయమ్మను, అడిగి = విచారించి, పిదపన్ = ఆ తరువాత, అందరిన్ = పంచాయతీ కార్యదర్శి మొదలు పాలు పోసే మనిషి దాకా ఎల్లరినీ, అడుగుమా = అడుగు, అంగలకుదురందున్ = గుంటూరు జిల్లా తెనాలి మండలంలో, తెనాలి నుంచి గుంటూరు పోయే దారిలో ఉన్న అంగలకుదురు గ్రామంలో, అదియె రీతి = పద్ధతి అదే.

తాత్పర్యం: పసిపిల్లల్ని సాకడం తెలిసినవారిని ముందు అడగాలి. వారు చెప్పలేని పని ఏదైనా మిగిలితే, ఆ ఒక్క పనికే డబ్బిచ్చి మనిషిని పెట్టుకోవాలి.

విశేషాలు: 'పిల్లబడి' అన్న మాట కింద రెండు వేరువేరు సంస్థలు దాగి ఉన్నాయి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకు మూడు నాలుగు గంటలు నడిచేది ప్లే స్కూలు. మూడేళ్లు నిండనివారిని అందులో చేర్చుకోరాదని జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. నెలల పిల్లలతో సహా అందరినీ సాయంత్రం దాకా చూసుకునేది క్రెష్. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు క్రెష్ ఏర్పాటు చేయాలని 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం విధించింది. ఆ క్రెష్‌లకు కనీస ప్రమాణాలను కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2018లో ఇచ్చింది. గుంటూరుకో విజయవాడకో రైలెక్కి ఉద్యోగానికి పోయే తల్లికి కావలసింది క్రెష్. వచ్చే ఏడు ఎల్‌కేజీలో వేయబోయే తల్లికి కావలసింది ప్లే స్కూలు. నాట్ల రోజుల్లోనూ కోతల రోజుల్లోనూ పొలం పోయే తల్లికి కావలసింది ఈ రెండూ కాకపోవచ్చు. ఆమె ఊళ్లోని అంగన్‌వాడీకి పంపుతుంది. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్) కింద అక్కడ ఆటపాటలూ తిండీ ఉచితం. ఈ ముగ్గురిలో ఎవరి కోసం తలుపు తీస్తున్నారో తేల్చుకోకుండా కన్సల్టెంటు దగ్గరికి పోతే, ఆయన దగ్గర ఏ ఫైలు సిద్ధంగా ఉందో ఆ కేంద్రమే తయారవుతుంది.

'సలహ చెప్పువాడు' మూడు రకాలు. మొదటివాడు కాగితాల మనిషి. ఇతని పనిలో చాలా భాగం దరఖాస్తుదారు సొంతంగా చేసుకోదగినదే. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ 2020 జులై 1న మొదలైనప్పటి నుంచీ ఉచితం, ఏ పత్రమూ అప్‌లోడ్ చేయనక్కర్లేదు. దానికీ రుసుము వసూలు చేసేవాడు మిగతా పనులకు ఎంత తీసుకుంటాడో ఊహించవచ్చు. రెండోవాడు ఫ్రాంచైజీ మనిషి. ఇతను సలహాదారు వేషంలో వచ్చే అమ్మకందారు. ఏ ప్రశ్న అడిగినా జవాబు ఒక్క బోర్డు దగ్గరికే తిరిగి వస్తుంది. మూడోవాడు, ఎక్కువసార్లు మూడో ఆమె, పిల్లలతో ఏళ్ల తరబడి పనిచేసిన టీచరు. ఈ రకం అరుదు, డబ్బు పెట్టదగినదీ ఈ రకమే. ఇలాంటి నేర్పు ఈ ప్రాంతానికి కొత్త కాదు. పసిపిల్లల విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చింది. విజయవాడలో కోటేశ్వరమ్మ 1955లో మాంటిస్సోరి బడి పెట్టారు, 2017లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. తెనాలిలో పెరిగిన రచయిత చలం 'బిడ్డల శిక్షణ' అని ఒక పుస్తకమే రాశాడు.

'ఆయ నడిగి' అన్నచోట శ్లేష ఉంది. ఆయ అనగా ఆయమ్మ, ఇది ప్రధానార్థం. ఏదైనా బడిలో పదేళ్లు పసిపిల్లల్ని చూసుకున్న ఆయమ్మను తీసుకొచ్చి ఖాళీ ఇంట్లో ఒక గంట తిప్పితే తేలే సంగతులు రిపోర్టులో కనపడవు. గేటు గొళ్లెం మూడేళ్లవాడి చేతికి అందుతుందా? బాత్రూం గచ్చు తడిస్తే జారుతుందా? మధ్యాహ్నం పడుకోబెట్టే గదిలోకి ఎండ ఎటు నుంచి కొడుతుంది? కాలువ గట్టు ఎంత దూరం? వంటింటి తలుపు ఎటు తెరుచుకుంటుంది? ఆమె ఇవి అడగదు. నడుస్తూ చెబుతుంది, గొళ్లెం దగ్గర ఆగి వంగి చూస్తుంది. ఆ గంటకు ఆమెకు కూలి ఇవ్వడం ధర్మం.

ఆయము అనగా రాబడి, ఇది రెండో అర్థం. 'ము'వర్ణం లోపించిందని వైయాకరణులు అడ్డుపడతారు గానీ లెక్క తప్పదు. పిల్లకు నెలకు 1,500 రూపాయలు అనుకుంటే 20 మందికి 30,000. అద్దె, జీతాలు, కరెంటు, పాలు అందులోనే తీరాలి. కన్సల్టెంటు 60,000 అడిగితే అది రెండు నెలల మొత్తం వసూలు, లాభం కాదు. ఆయనకు జీఎస్టీ నంబరు ఉంటే బిల్లు మీద మరో 18 శాతం పడుతుంది. ప్రీస్కూల్ విద్యకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి ఆ 18 శాతాన్ని తిరిగి రాబట్టుకునే దారీ లేదు. మినహాయింపు వరమే, ఇక్కడ మాత్రం శాపంగా తగులుతుంది. ఇంకొక మెలిక కూడా ఉంది. బాలల హక్కుల కమిషన్ మార్గదర్శకాల ప్రకారం ప్లే స్కూల్లో ప్రతి 20 మందికి ఒక టీచరు, ఒక ఆయా ఉండాలి. 21వ పిల్ల చేరిన రోజున రాబడి 1,500 పెరుగుతుంది, జీతాలు రెండు పెరుగుతాయి. కన్సల్టెంటు గీసే పట్టికల్లో లాభం గీత నిచ్చెన ఎక్కినట్టు ఎక్కుతూనే ఉంటుంది. ఈ 21వ పిల్ల దగ్గర ఆ గీత విరగకపోతే పట్టిక తయారుచేసినవాడు ఏనాడూ బడి నడపలేదని గ్రహించాలి.

మూడో అర్థం 'ఆయన అడిగి'. అనగా కన్సల్టెంటే ముందు ప్రశ్నలు అడగాలి. ఎవరి పిల్లలు, ఎంత వయసు, ఎన్ని గంటలు అని అడగకుండానే కొటేషన్ పంపినవాణ్ని అక్కడే మానుకోవచ్చు.

పూర్వపక్షం: అనుభవం లేనివారు చేతులు కాల్చుకుంటారు, బ్యాంకు రిపోర్టు అడుగుతుంది, కాబట్టి కన్సల్టెంటు తప్పనిసరి అని కొందరంటారు. రెండో మాటలో నిజముంది. పూచీకత్తు లేకుండా దొరికే ముద్ర రుణానికి కూడా పెట్టుబడి, రాబడుల లెక్క చూపాల్సి రావచ్చు. ఆ లెక్క తెనాలిలో ఆడిటరు చేసి పెడతాడు. మొదటి మాటకు జవాబు కొంచెం కష్టం. పసిపిల్లల పని ఎన్నడూ ఎరగనివారికి అనుభవం కావలసిందే. అయితే దాన్ని రిపోర్టు రూపంలో కొనడం కన్నా, అనుభవం ఉన్న టీచరును మొదటి మూడు నెలలు జీతానికి పెట్టుకోవడం చవక.

సిద్ధాంతం: కన్సల్టెంటును పెట్టుకుంటే ఒక్క పనికే పెట్టుకోవాలి, ఆ పని కాగితం మీద ఉండాలి, డబ్బు విడతల వారీగా ఇవ్వాలి, ఆఖరి విడత పని ముగిశాకే ఇవ్వాలి. అతను ఇదివరకు పెట్టించిన కేంద్రాల్లో ఒకదానికి చెప్పకుండా పోయి చూడాలి. స్థానిక జ్ఞానానికి చిన్న పరీక్ష కూడా ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు రేపల్లె బాపట్ల జిల్లాలోకి పోయింది, తెనాలీ అంగలకుదురూ గుంటూరులోనే ఉండిపోయాయి. రేపల్లె కేంద్రానికి గుంటూరు కలెక్టరేటు పేరున దరఖాస్తు రాసినవాడు పాత ఫైలు మీద పేర్లు మాత్రమే మారుస్తున్నాడని అర్థం.

ఛందస్సు: ఆటవెలది. యతి స్థానాలు పి–పే, స–జా, ఆ–అ, అం–అ. 'రావాలంటె' గ్రామ్యమని లాక్షణికులు ఆక్షేపించవచ్చు, ఫీజు కట్టే తల్లిదండ్రులు ఆక్షేపించరు. అలంకారం శ్లేష. 'ఆయన నడిగి' అని దిద్దితే గణభంగమవుతుంది కనుక ఆ పాఠం గ్రాహ్యం కాదు.