ప్రియమైన కస్టమర్

మా మావగారికి అప్పు పుట్టని రోజులు బాగా గుర్తు. మా ఆవిడ పెళ్లికి లోనడిగితే ఓ బ్యాంకు మేనేజరు చెప్పులరిగేలా తిప్పించుకుని, చివరికి ష్యూరిటీ సరిపోలేదని పంపేశాడట. అందుకే ఇప్పుడు సెల్లులో "ప్రియమైన కస్టమర్, మీకు 5 లక్షల రుణం మంజూరైంది" అని కనబడితే కళ్లజోడు తుడుచుకుని రెండోసారి చదువుతారు. అరుగు మీద కూర్చుని పక్కింటాయనకి వినిపిస్తారు. తీసుకోరు లెండి. ఇస్తామన్నారని తెనాలిలో నలుగురికీ తెలియాలి, అంతే.

అలాంటి మనిషి సెల్లులో చెత్త మెసేజీలు ఆపే పని నా మీద పడింది. ఆపమన్నది ఆయన కాదు, అత్తగారు. ఆ గుట్టలో గ్యాస్ డెలివరీ కోడ్ వెతికేలోపు కుర్రాడు సిలిండరుతో సహా వెళ్లిపోయాడని ఆవిడ కోపం.

ముందు ఒక నగల దుకాణాన్ని బ్లాక్ చేశాను. సాయంత్రానికల్లా అదే దుకాణం, తరుగులో అదే సగం తగ్గింపు, పేరు ముందు రెండక్షరాలు మార్చుకుని వచ్చేసింది. ఆ రెండింటిలో మొదటిది ఏ టెలికాం కంపెనీ మీదుగా వచ్చిందో, రెండోది ఏ సర్కిల్ నుంచో చెబుతుంది. ఫోను కళ్లకి మాత్రం ఎవరికి వారే కొత్త మనిషి. వీఎంని చంపితే ఏడీ, ఏడీని చంపితే జేడీ. రక్తబీజుడికైనా బొట్టు నేల మీద పడాలి, వీళ్లకి అదీ అక్కర్లేదు.

పేరు చివర ఇంకో అక్షరం ఉంటుంది. 2025లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చేసిన సవరణ పుణ్యం. పీ అంటే ప్రచారం, ఎస్ అంటే సేవ, టీ అంటే లావాదేవీ, జీ అంటే ప్రభుత్వం. అమ్మడానికొచ్చినవాడు ఆ సంగతి నుదుట రాయించుకుని మరీ రావాలన్నమాట. ఇంత మంచి రూలు సంబంధాలు చూసేవాళ్లకి కూడా పెడితే బావుణ్ణు.

"పీ అంటే పర్సనల్ అనుకున్నానే!" అన్నారు మావగారు, నొచ్చుకుంటూ.

అసలు మందు 1909. ఆ నంబరుకి 'ఫుల్లీ బ్లాక్' అని పంపితే ప్రచారాలన్నీ ఆగాలి. మెసేజీలు ఆపడానికీ మెసేజే! అన్నీ వద్దనుకుంటే రకాలవారీగానూ ఆపుకోవచ్చు. ఆ మాట ఆయన చెవిన పడకుండా ఉండాల్సింది.

"బ్యాంకులు ఆపేద్దామా మావయ్యగారూ?"

"వాటి జోలికి వెళ్లకండి అల్లుడుగారూ."

"రియల్ ఎస్టేటు?"

"ఉండనివ్వండి. అమరావతిలో గజం ఎంత పలుకుతోందో తెలుస్తుంది."

"చదువులు?"

"మెడికల్ సీట్లున్నాయని వస్తుంటాయి. మనవడికి పనికొస్తాయి."

మనవడు ఎల్‌కేజీ.

"ఆరోగ్యం?"

"సగం ధరకే మోకాళ్ల పరీక్షలంటున్నారుగా."

"టూరిజం?"

"కాశీ ప్యాకేజీలు అందులోనే వస్తాయిగా, అది ఉంచండి బాబూ." ఈసారి అన్నది అత్తగారు.

కడకు ఆగింది తినుబండారాలొక్కటే. ఆయనకి షుగరుంది.

గ్యాస్ కోడ్ సమస్యకి అత్తగారే దారి కనిపెట్టారు. ఏజెన్సీకి వెళ్లి నా నంబరు రాయించి వచ్చారు. నేనుండేది హైదరాబాదులో. సిలిండరు దిగేది తెనాలిలో. ఆఫీసులో మీటింగు మధ్యలో ఫోనొస్తుంది, "కోడ్ చెప్పండి సార్, బండి రోడ్డు మీదుంది" అంటూ. చెబుదామని చూస్తే, పైన వరసగా నగల దుకాణాలు.