దీవికి మన షరతులు

అండమాన్ వెళ్దామని ఇంట్లో తీర్మానం కాగానే ముందు వాట్సాప్ గ్రూపు పుడుతుంది, దాని వెనకే ఎక్సెల్ షీటు. 8.15కి టిఫిను, 9.40కి సెల్యులార్ జైలు, 11.10కి ఆనందం. ఆ జైల్లో ఒకప్పుడు దాదాపు ఏడొందల గదులుండేవి. షీటులో దానికి దక్కింది గంటన్నర, సెల్ఫీలతో కలిపి.

ఎందుకయ్యా ఈ యాత్ర అంటే అందరిదీ ఒకటే జవాబు: ప్రశాంతత. బీచ్‌లో జనం ఉండకూడదు, మన పధ్నాలుగు మంది తప్ప. ఫోను పక్కన పారేసి హాయిగా ఉండాలి, హోటల్లో వైఫై స్పీడెంతో మాత్రం ముందే కనుక్కోవాలి. (చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020లో మొదలవకపోయుంటే ఈ ప్రశాంతత ఏమయ్యేదో!) కొత్త రుచులు చూడాలి, ఆవకాయ సీసా మరిచిపోకూడదు. జూన్‌లో ప్యాకేజీ చవక, కాబట్టి జూన్‌లోనే పోవాలి. నైరుతి రుతుపవనాలు మనకంటే ముందే, మే నెలలోనే అక్కడ దిగుతాయని ఫెర్రీ రద్దయ్యాక తెలుస్తుంది. డిసెంబరులో వెళ్లేవాళ్ల తంటా ఇంకోటి. సన్‌సెట్ పాయింటుకి ఆరింటికి టైము రాసుకుంటారు. అంత తూర్పున ఉండి కూడా మన గడియారమే పాటించే ఆ దీవుల్లో ఐదింటికల్లా పొద్దుగూకుతుంది. సూర్యుడు షీటు చదవలేదు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. నాలుగో రోజు గడి దగ్గరే నాకు నవ్వు రాదు. "తెల్లవారుజామున 3.00: బారాటాంగ్, సున్నపురాయి గుహలు."

అక్కడికి పోయే అండమాన్ ట్రంక్ రోడ్డు జారవా ఆదివాసుల రక్షిత అడవిని చీల్చుకుని పోతుంది. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బళ్లన్నిటినీ వరస కట్టించి, కాపలాతో వదులుతారు. దారిలో ఆపకూడదు, ఫొటో తీయకూడదు, తినేవేవీ ఇవ్వకూడదు. ఆ రోడ్డులో కొంతభాగం మూసేయమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. మూతపడలేదు. జారవాలు మొత్తం కలిపి కొన్ని వందల మంది. వాళ్లలో 1999లో తట్టు పాకింది, 2006లో మళ్లీ పాకింది. తిండి ఆశచూపి జారవా ఆడపిల్లల చేత పర్యాటకుల ముందు డాన్సు చేయించిన వీడియో 2012లో బయటపడి, లోకమంతా ఛీ కొట్టింది. ఛీ కొట్టినవాళ్లలో మనమూ ఉన్నాం. అయినా టూరు బేరం ముగిసే ముందు, గొంతు తగ్గించి, ఆ ప్రశ్న అడక్కుండా ఉండం: "ఏమండీ, దారిలో వాళ్లు కనిపిస్తారా?"

ఏజెంటు లౌక్యుడు. ఔననడు, కాదనడు. "అదంతా మీ అదృష్టం సార్." పులుల సఫారీలో గైడు చెప్పేదీ అక్షరాలా ఇదే.

ఊరికే చూస్తే వాళ్ల సొమ్మేం పోయింది, పైగా పాపం నాలుగు బిస్కెట్లిస్తే పుణ్యమే కదా అనే దయామయులూ ఉన్నారు. 2025 మార్చిలో ఒక అమెరికన్ చాటుగా, బయటివాళ్లు అడుగుపెట్టకూడని నార్త్ సెంటినెల్ దీవికి పోయి, అక్కడి ఆదివాసుల కోసం ఒడ్డున ఒక కొబ్బరికాయ, ఒక డైట్ కోక్ డబ్బా పెట్టి వచ్చి అరెస్టయ్యాడు. వాడి తెలివి చూసి మన గ్రూపులో ఎన్ని నవ్వు బొమ్మలు పడ్డాయో! బిస్కెట్ ప్యాకెట్లు మాత్రం నాలుగో రోజు బ్యాగులోకి విడిగా సర్దుతారు.

అబ్బే, మేం వెళ్లేది గుహల కోసమే అంటారా? ఆ మాట విశాఖ వాళ్లు అంటే వినాలని ఉంది. వాళ్ల బొర్రా గుహలూ సున్నపురాయివే, బారాటాంగ్ గుహల కంటే ఎంతో పెద్దవి, వాటి పేరు మీద రైల్వే స్టేషన్ కూడా ఉంది. ఆదివారం పూట పిల్లలు అడిగితే "మళ్లీ ఏం చూస్తార్రా, రాళ్లేగా" అని కసిరే పెద్దమనిషి, అండమాన్‌లో రాళ్ల కోసం రాత్రి రెండున్నరకి అలారం పెట్టుకుని లేచాడు. కెమెరా ఫుల్ చార్జింగ్. గుహ ఇంకా గంటల దూరంలో ఉండగానే, బండిలో కిటికీ సీటు కోసం బావమరిదితో పోట్లాడుతున్నాడు.